ముందు వైరు, ఆఖరున ఫార్మాట్

ఇంట్లో ఏ పరికరం మొరాయించినా మనకు ముందు తోచే పని అన్నింటికంటే పెద్దదే. ఫోను నెమ్మదిస్తే రీసెట్ కొట్టేస్తాం. కంప్యూటరు మొండికేస్తే విండోస్ మళ్లీ ఎక్కిస్తాం. హార్డ్ డిస్క్ కనిపించకపోతే ఫార్మాట్ చేసేస్తాం. ఉన్న వైరు ఊడదీసి ఇంకో వైరు పెట్టి చూద్దామన్న ఆలోచన మాత్రం అన్నీ అయ్యాక వస్తుంది. ఈ అధ్యాయంలో ఆ వరసను తిరగేద్దాం. చేసి వెనక్కి తీసుకోగలిగిన పని ముందు, తీసుకోలేనిది ఆఖరున. ఇది చెప్పడం తేలికే, చేతికి అలవాటు కావాలంటే మాత్రం ఒక అసలు పని మీద సాధన చేయాలి. అందుకు నేను ఎంచుకున్నది టీవీ కింద పెట్టుకునే చిన్న మీడియా కంప్యూటరుకు బయటి హార్డ్ డిస్క్ తగిలించడం.

ఈ పనే ఎందుకంటే, ఇది చెడే దారులు చాలా ఉన్నా బయటికి కనిపించే లక్షణం దాదాపు ఒక్కటే: డిస్క్ కనిపించడం లేదు. పైగా అందులో ఉండేది మళ్లీ దొరికే సరుకు కాదు. సినిమాలైతే ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. తాతగారి షష్టిపూర్తి, వీహెచ్‌ఎస్ టేపు నుంచి ఎక్కించుకున్న అక్క పెళ్లి, పాప మొదటి అడుగులు దొరకవు.

ఏ కంప్యూటరైనా ఇదే కథ గానీ, మాట తేలిగ్గా సాగడానికి నేను రాస్‌బెర్రీ పై గురించే చెబుతాను. 2012 ఫిబ్రవరి 29న బ్రిటన్‌లో పిల్లల చదువు కోసమని విడుదలైన ఈ చిన్న బోర్డు, టీవీల కింద కూడా స్థిరపడిపోయింది. ఏటీఎం కార్డంత ఉంటుంది. దాని మీద సినిమాలు చూపించే ప్రోగ్రాం పేరు కోడీ. ఇది మొదట ఎక్స్‌బాక్స్ ఆటల పెట్టె కోసం పుట్టి, ఎక్స్‌బీఎంసీగా పెరిగి, 2014లో ఈ పేరు పెట్టుకుంది. కోడీ నడవడానికి ఎంత కావాలో అంతే ఉండే ఆపరేటింగ్ సిస్టం లిబ్రెఎలెక్. అది మెమరీ కార్డులో ఉంటుంది, మన వీడియోలు హార్డ్ డిస్క్‌లో ఉంటాయి. లిబ్రెఎలెక్‌లో డిస్క్ తగిలించగానే దానంతటదే తెరుచుకుంటుంది. ఒక్క కమాండూ కొట్టక్కర్లేదు. అన్నీ సరిగ్గా ఉంటే ఈ అధ్యాయం ఇక్కడితో అయిపోవాలి.

సరిగ్గా లేనప్పుడు ఏమవుతుందో ఈ ఫోను సంభాషణ వినండి. అమెరికాలో ఉండే అబ్బాయి సెలవులకొచ్చి, బాబాయి గారింట్లో ఇదంతా అమర్చి వెళ్లాడు. కొన్నాళ్లకు టీవీలో డిస్క్ మాయమైంది. బాబాయి దాన్ని ఊడదీసి ల్యాప్‌టాప్‌కు పెట్టాడు.

"ఒరేయ్, వాడుకోవాలంటే ఫార్మాట్ చేయమంటోందిరా. నొక్కేయనా?"

"వద్దు బాబాయ్. క్యాన్సిల్ కొట్టు."

"లోపలేమీ లేదంటోంది కదరా, ఇంకెందుకు?"

"లేదనడం లేదు బాబాయ్. చదవడం రావట్లేదంటోంది."

ఈ అధ్యాయానికి ఆయువుపట్టు ఆ చివరి మాటే. అబ్బాయి డిస్క్‌ను ఈఎక్స్‌టీ4 పద్ధతిలో సిద్ధం చేశాడు. లిబ్రెఎలెక్‌కు పునాది అయిన లైనక్స్‌కు అది సొంత భాష. విండోస్‌కు దానంతట దానికి అది చదవడం రాదు. రానప్పుడు 'ఇది నాకు తెలియని రకం' అని ఊరుకోకుండా, ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుంది. పుస్తకం తమిళంలో ఉందని తెల్లకాగితాల కింద జమకట్టి చించేయడం లాంటిది ఆ ప్రశ్నకు అవుననడం. మెషీన్ అడిగిన ప్రతిదానికీ అప్పటికప్పుడు జవాబివ్వాలని రూలేం లేదు. క్యాన్సిల్ కొట్టి, డిస్క్ ఊడదీసి, కాఫీ తాగి రావచ్చు. అడిగింది అడిగినట్టే ఉంటుంది, డిస్క్‌లో ఉన్నది ఉన్నట్టే ఉంటుంది.

మరి బాబాయి గారింట్లో టీవీకి డిస్క్ కనిపించకపోవడానికి కారణం? కరెంటు. నేను చూసినంతలో ఎక్కువసార్లు కారణం ఇదే, కాబట్టి దీని మీదే కాస్త ఎక్కువసేపు కూర్చుందాం.

జేబులో పట్టే చిన్న డిస్క్, అంటే 2.5 అంగుళాలది, తనకు కావాల్సిన కరెంటంతా యూఎస్‌బీ వైరులోంచే తీసుకుంటుంది. లోపలి పళ్లెం తిరగడం మొదలెట్టే తొలి సెకన్లలో దానికి ఆకలెక్కువ. చాలా డిస్కులు అప్పుడు 1 ఆంపియర్ దాకా లాగుతాయి. వేగం అందుకున్నాక బాగా తగ్గుతుంది. రాస్‌బెర్రీ పై 4 మోడల్‌లో యూఎస్‌బీ పోర్టులు నాలుగు ఉన్నా, నాలుగింటికీ కలిపి ఇచ్చేది 1.2 ఆంపియర్లే. అందులోంచే కీబోర్డు, పెన్‌డ్రైవ్ కూడా తినాలి. ఒక డిస్క్‌కు బొటాబొటిగా సరిపోతుంది, రెండో డిస్క్ పెడితే రెండూ పడుకుంటాయి. 2023లో వచ్చిన పై 5 విషయంలో ఇంకో మెలిక ఉంది. దానికోసం చేసిన 5 ఆంపియర్ల అడాప్టరు పెడితే పోర్టులకు మొత్తం 1.6 ఆంపియర్లు ఇస్తుంది. పాత 3 ఆంపియర్ల అడాప్టరు పెడితే మాత్రం 0.6కే పరిమితం చేసేస్తుంది. కొత్త బోర్డు కొన్నాం, పాతదానికి నడిచిన డిస్క్ దీనికి నడవడం లేదు, బోర్డే పాడు అని షాపుకు తిరిగి తీసుకెళ్లేవాళ్లు ముందు అడాప్టరు మీది అక్షరాలు చదవాలి.

కరెంటు చాలకపోతే డిస్క్ ఆ సంగతి మీకు వినిపిస్తుంది. టీవీ శబ్దం ఆపేసి, చెవి దగ్గర పెట్టుకోండి. సన్నగా గిర్రుమని లేస్తుంది, వేగం అందుకోబోతూ టిక్కుమని ఆగిపోతుంది, ఒక క్షణం నిశ్శబ్దం, మళ్లీ గిర్రుమంటుంది. ముందు దీపం మాత్రం వెలుగుతూనే ఉంటుంది. ఆ దీపాన్ని చూసి 'కరెంటు వస్తోంది కదా' అని మోసపోతాం. దీపం వెలగడానికి కావాల్సింది ఎంతని! అదే సమయంలో తెర మీద కుడివైపు పై మూలన పసుపుపచ్చ మెరుపు గుర్తు ఒకటి వచ్చి పోతుంటే ఇక సందేహమే లేదు. 5 వోల్టులు రావాల్సిన చోట దాదాపు 4.63 కంటే కిందికి పడిపోయిందని ఆ గుర్తుకు అర్థం.

ఇక్కడ ముందు అనుమానించాల్సింది వైరును, తర్వాత అడాప్టరును. ఫోను ఛార్జర్ మీద ఎన్ని వాట్లని రాసి ఉన్నా అది ఫోనుతో మాట్లాడుకుని 9 వోల్టులకో 12 వోల్టులకో ఎక్కినప్పటి లెక్క. పైతో అలాంటి బేరం కుదరదు, అది 5 వోల్టులే తీసుకుంటుంది. సన్నటి పొడుగు వైరు అందులోనూ కొంత మింగేస్తుంది. పై 4 కోసం కంపెనీ ఇచ్చే అడాప్టరు 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు. ఆ అదనపు 0.1 వైరులో పోయేదానికి ముందే వేసిన తరుగు. దాన్నే కొనుక్కోండి. ఫోను ఛార్జర్‌తో మిగిలే డబ్బు మిగిలినట్టు కాదు.

అడాప్టరు మార్చినా చాలకపోతే సొంత అడాప్టరున్న యూఎస్‌బీ హబ్ పెట్టాలి. డిస్క్‌కు కరెంటు గోడ నుంచే వస్తుంది, పై మీద భారం పడదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటరు మెట్లెక్కి "హబ్ కావాలి" అంటే చేతిలో పెట్టేది చాలాసార్లు నాలుగు చిల్లుల ప్లాస్టిక్ ముక్క. అది ఉన్న కరెంటునే నలుగురికి పంచుతుంది తప్ప కొత్తగా తెచ్చేదేమీ లేదు. "పవర్డ్ హబ్, అడాప్టరుతో వచ్చేది" అని అడగండి. ఇంటికొచ్చాక ఒక పరీక్ష చేయండి: హబ్ మాత్రం ఆన్‌లో ఉంచి, పై అడాప్టరు తీసేయండి. అయినా పై మీద ఎర్రదీపం వెలుగుతూ ఉంటే, ఆ హబ్ వెనక్కి కరెంటు తోస్తోందన్నమాట. అలాంటిది మార్చుకోండి. 3.5 అంగుళాల పెద్ద డిస్కుల్లో ఈ బాధ లేదు, వాటికి 12 వోల్టుల సొంత అడాప్టరు వస్తుంది. ఎప్పుడూ టీవీ కిందే ఉండే డిస్క్‌కు నిజానికి అదే మేలు.

ఒక్క హెచ్చరిక. ఆ టిక్కు టిక్కు శబ్దం పొట్టి వైరుతో, ఇంకో మంచి కంప్యూటరుకు పెట్టినా అలాగే వస్తుంటే అది కరెంటు జబ్బు కాదు, డిస్క్ లోపలి జబ్బు. అప్పుడు ఇంకోసారి, ఇంకోసారి అని ప్రయత్నించకండి. ఆన్ చేసిన ప్రతిసారీ లోపల నష్టం పెరగవచ్చు. ఆపేసి, డేటా వెలికితీసేవాళ్ల దగ్గరకు తీసుకెళ్లడమే. 'ముందు చిన్న పనులు' అన్న మన సూత్రానికి ఇది మినహాయింపేమీ కాదు. అన్నింటికంటే చిన్న పని ఏమీ చేయకపోవడమే.

కరెంటు సంగతి తేలాక ఫార్మాట్ గురించి మాట్లాడుకోవచ్చు. కొత్త, ఖాళీ డిస్క్‌కు మాత్రమే సుమా. పాత పెన్‌డ్రైవ్‌ల మీద ఉండే ఫ్యాట్32ను అన్ని యంత్రాలూ చదువుతాయి గానీ, ఒక ఫైలు 4 జీబీకి మించితే పట్టదు. పెళ్లి వీడియో కెమెరాల్లో చాలావాటిలో తాళికట్టే వేళ క్లిప్పు తెగిపోయి ఇంకో ఫైలు మొదలవడానికి వెనకున్న కారణం ఇదే. అంచేత దీన్ని వదిలేద్దాం. డిస్క్ పైకి తప్ప ఇంక దేనికీ తగిలించరంటే ఈఎక్స్‌టీ4 అన్నింటికంటే గట్టిది. కానీ మన ఇళ్లలో అలా ఎవరుంటారు? పెళ్లిళ్ల ఫోటోలు కాపీ చేసుకోవడానికి మేనత్త కొడుకు ల్యాప్‌టాప్ పట్టుకుని వస్తాడు, బాబాయి కథ మళ్లీ మొదలవుతుంది.

మిగిలినవి ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ఫ్యాట్. మైక్రోసాఫ్ట్ 2019లో ఎక్స్‌ఫ్యాట్ వివరాలు బయటపెట్టాక లైనక్స్ దాన్ని సొంతం చేసుకుంది. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడూ చదువుతాయి, రాస్తాయి. ఇంట్లో యాపిల్ కంప్యూటరుంటే అదే తీసుకోండి. లేకపోతే నా ఓటు ఎన్‌టీఎఫ్‌ఎస్‌కే. కారణం మన కరెంటు కోతలు. ఎన్‌టీఎఫ్‌ఎస్ తను చేయబోయే మార్పులను ముందు ఒక చిట్టాలో రాసుకుని తర్వాత చేస్తుంది. మధ్యలో కరెంటు పోయినా చిట్టా చూసుకుని సర్దుకుంటుంది. ఎక్స్‌ఫ్యాట్‌కు ఆ చిట్టా లేదు. ఇన్వర్టరు ఉన్నవాళ్లు దాని మీద 'యూపీఎస్ మోడ్' మీట ఉందేమో చూడండి. ఉంటే అటు తిప్పండి, కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు త్వరగా అందుకుంటుంది. అలా తిప్పకపోతే ఫ్యాన్లకు తెలియని ఆ రెప్పపాటు ఖాళీలో పై ఒక్కోసారి మళ్లీ మొదటి నుంచి లేస్తుంది.

ఎన్‌టీఎఫ్‌ఎస్‌కున్న చిక్కు ఒకటి చెప్పాలి. విండోస్ 8 నుంచి 'ఫాస్ట్ స్టార్టప్' అని ఒక ఏర్పాటుంది. షట్‌డౌన్ అన్నా కంప్యూటరు పూర్తిగా కళ్లు మూయదు, సగం నిద్రలోకి వెళ్తుంది. డిస్క్‌ను అలాగే తగిలించి ఉంచి షట్‌డౌన్ చేసి, లాగేసి పైకి పెడితే, లైనక్స్ దాన్ని అనుమానంగా చూస్తుంది. తెరవనైనా తెరవదు, లేదా చదవనిస్తుంది గానీ రాయనివ్వదు. మళ్లీ విండోస్‌కే పెట్టి, డ్రైవ్ ప్రాపర్టీస్‌లో 'ఎర్రర్ చెకింగ్' ఒకసారి నడిపి, కింది మూలన 'ఎజెక్ట్' కొట్టి, అప్పుడు లాగండి. చాలాసార్లు ఇంతే. ఈ ఇంత దానికి ఫార్మాట్ చేసేసుకున్నవాళ్లున్నారు.

ఇక ఏ పోర్టుకు పెట్టాలి? పై 4, పై 5 మోడళ్లలో రెండు పోర్టుల నాలుక నీలంగా, రెండింటిది నల్లగా ఉంటుంది. నీలం యూఎస్‌బీ 3, నలుపు యూఎస్‌బీ 2. వేగమంటే మోజుతో అందరూ నీలానికే పెడతారు. అయితే సినిమా చూడటానికి ఎంత వేగం కావాలి? బ్లూ రే డిస్క్ నుంచి వచ్చే ధార గరిష్ఠంగా సెకనుకు 54 మెగాబిట్లు. నలుపు పోర్టు 480 పేరు చెప్పి, సుమారు 280 దాకా నిజంగా ఇస్తుంది. కాబట్టి చూడటానికి నలుపు చాలు. కాపీ చేయడానికి మాత్రం నీలం కావాలి. 1 టీబీ నిండా కాపీ చేయాలంటే సెకనుకు 35 మెగాబైట్ల చొప్పున నలుపుకు 8 గంటలు పడితే, సెకనుకు 100 చొప్పున నీలానికి 3 గంటల లోపే అయిపోతుంది.

నీలం పోర్టు వల్ల ఒక ఇబ్బంది ఉంది, ఇది తెలియక చాలామంది కీబోర్డులు మార్చేశారు. యూఎస్‌బీ 3 పని చేస్తున్నప్పుడు వైరు నుంచి, ప్లగ్గు నుంచి వెలువడే రొద 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల మీద పడుతుంది. ఇంటెల్ కంపెనీ 2012లోనే దీని మీద పత్రం ప్రచురించింది. వైర్‌లెస్ కీబోర్డు, మౌస్, పాత వైఫై అన్నీ ఆ తరంగాల మీదే నడుస్తాయి. డిస్క్ పెట్టగానే కీబోర్డు అక్షరాలు మింగుతుంటే, వైఫై తెగుతుంటే డిస్క్‌ను నలుపు పోర్టుకు మార్చి చూడండి. లేదా కీబోర్డు డాంగిల్‌ను చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో దూరం జరపండి, వైఫైను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి. చాలా టీవీల్లో అయితే హెచ్‌డీఎంఐ వైరు ద్వారా టీవీ రిమోట్‌తోనే కోడీని నడపవచ్చు, కీబోర్డు గొడవే ఉండదు.

డిస్క్‌కు పేరు పెట్టడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, తర్వాత మారిస్తే చిక్కులు తెచ్చిపెట్టే పని ఇది. లిబ్రెఎలెక్ డిస్క్‌ను దాని పేరుతోనే గుర్తుపడుతుంది. కోడీ తన జాబితాలో ప్రతి వీడియో చిరునామానూ ఆ పేరుతోనే రాసుకుంటుంది. ఇవాళ 'ఇల్లు' అని పెట్టి రేపు 'మనఇల్లు' అని మారిస్తే అన్ని వీడియోలకూ చిరునామా తప్పుతుంది. అందుకే ఒక్క వీడియో కూడా ఎక్కించకముందే, ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టిగా, మధ్యలో ఖాళీ లేకుండా ఒక పేరు పెట్టేసి ఇక దాని జోలికి పోకండి.

ఫోల్డర్లు కనీసం రెండు వేరుగా ఉండాలి: సినిమాలు, ఇంటి వీడియోలు. కోడీలో వీడియోస్, ఫైల్స్, యాడ్ వీడియోస్, బ్రౌజ్ అని వెళ్లి డిస్క్ పేరు ఎంచుకుంటే, ఇందులో ఏముంది అని అడుగుతుంది. సినిమాల ఫోల్డరుకు 'మూవీస్' అని చెబితే ఇంటర్నెట్ నుంచి పోస్టర్లు, నటుల పేర్లు తెచ్చిపెడుతుంది. ప్రతి ఫైలు పేరు పక్కన విడుదలైన సంవత్సరం రాయండి. మాయాబజార్ అంటే 1957దీ ఉంది, 2006దీ ఉంది. సంవత్సరం లేకపోతే ఎన్టీఆర్ కృష్ణుడి మీద ఇంకెవరి పోస్టరో అంటుకుంటుంది. ఇంటి వీడియోల ఫోల్డరుకు మాత్రం 'నన్' అనే చెప్పాలి. అక్కడ కూడా మూవీస్ అంటే, మీరు ముచ్చటపడి 'పెళ్లి సందడి' అని పేరు పెట్టుకున్న మీ తమ్ముడి పెళ్లికి 1996 నాటి శ్రీకాంత్ పోస్టరు వచ్చి కూర్చుంటుంది.

పాత పెళ్లి డీవీడీలు కాపీ చేసేటప్పుడు లోపల 1 జీబీ చొప్పున ముక్కలై ఉన్న ఫైళ్లను విడివిడిగా తీయకండి. 'వీడియో టీఎస్' అనే ఫోల్డరును మొత్తంగా, పేరు మార్చకుండా కాపీ చేయండి. కోడీ దాన్ని డిస్కులాగే ఆడిస్తుంది, ముక్కల మధ్య కుదుపుండదు. ఒక్కో డీవీడీ 4.7 జీబీ అనుకున్నా 1 టీబీలో 200 పైగా పడతాయి. అన్నీ పట్టాయి కదా అని డీవీడీలు పారేయకండి. టీవీ కింది డిస్క్ చూసుకోవడానికి. దాచుకోవడానికి ఇంకో డిస్క్, వీలైతే ఇంకో ఇంట్లో ఉండాలి.

ఊడదీయాల్సి వచ్చినప్పుడు కోడీలో ఆ డిస్క్ పేరు మీద మెనూ తెరిచి 'సేఫ్లీ రిమూవ్' కొట్టాలి. లేదా మొత్తం షట్‌డౌన్ చేసి, పై మీద ఆకుపచ్చ దీపం మిణుకులు పూర్తిగా ఆగాక తీయాలి. తీసిన రోజుల్లో సినిమాల జాబితాలో పేర్లు అలాగే ఉంటాయి, నొక్కితే తెరుచుకోవు, అంతే. ఆ పేర్లు చూసి చిరాకుపడి సెట్టింగ్స్‌లో 'క్లీన్ లైబ్రరీ' నొక్కకండి. నొక్కితే డిస్క్ కనిపించడం లేదు, అందులోవన్నీ జాబితాలోంచి తీసేయనా అని కోడీ అడగొచ్చు. అవునంటే వీడియోలకేమీ కాదు గానీ ఏది ఎంతవరకు చూశారన్న గుర్తులన్నీ పోతాయి. అమ్మమ్మ సీరియల్ ఏ ఎపిసోడ్ దగ్గర ఆపిందో మళ్లీ ఆవిణ్ణే అడగాలి. వద్దనండి, డిస్క్ మళ్లీ తగిలించాక చూసుకోవచ్చు.